నలభై దాటాక రోజుకో సెల్ఫీ: అమ్మానాన్నల ఫోన్‌లో ఏం ఆపాలి, ఎలా తీయాలి, ఎక్కడ దాచాలి

మీ ఫోన్ గ్యాలరీ తెరిచి ఒక చిన్న లెక్క వేయండి. గత ఏడాదిలో మీ సెల్ఫీలు ఎన్ని? మీ అమ్మ ఒక్కతే ఉన్న ఫొటోలు ఎన్ని? మీ నాన్నవి ఎన్ని? నేను లెక్క వేస్తే నావి వందల్లో వచ్చాయి. అమ్మవి పదకొండు, నాన్నవి నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి ఆధార్ అప్‌డేట్ కోసం తీసింది, ఇంకోటి బ్యాంకు వాళ్లకు పంపింది.

మన ఇళ్లలో ఫొటోల లెక్క ఇలాగే ఉంటుంది. చిన్నప్పుడు మన ఫొటోలు పెద్దవాళ్లు తీస్తారు. కాలేజీలో మనమే తీసుకుంటాం. పెళ్లికి ఒక ఆల్బమ్, పిల్లలు పుడితే ఇంకో ఆల్బమ్. ఆ తర్వాత నలభై నుంచి అరవై దాకా పెద్ద ఖాళీ. ఆ ఇరవై ఏళ్లలో వాళ్లు కెమెరా వెనక ఉంటారు, లేకపోతే గ్రూప్ ఫొటోలో చివరి వరసలో సగం ముఖంతో ఉంటారు. మా తాతయ్య ఫొటో మా ఇంట్లో గోడ మీద ఫ్రేమ్ కట్టి ఉంది. పట్టాదారు పాస్‌పుస్తకం మీద ఉన్న చిన్న ఫొటోను స్టూడియోలో పెద్దది చేయించి, లేని కోటు తొడిగించి ఫ్రేమ్ కట్టించారు. ఆయన జీవితంలో కోటు వేసుకోలేదు. అయినా మాకు ఉన్నది అదొక్కటే.

అందుకే ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాకుండా, ఉన్న ఫోన్‌తో చేసే ఒక పని గురించి రాస్తున్నా. నడివయసులో ఉన్న మనిషి రోజుకో ఫొటో, ఒకే చోట, ఒకే రకంగా దిగడం. మా నాన్న 2023 జూన్ 12న మొదలుపెట్టారు. ఆయనకు అప్పుడు 51. మా ఊరు పర్చూరు వైపు. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. నల్లరేగడి నేల, మిర్చి, పత్తి. రెండేళ్లు పూర్తయ్యేసరికి 731 రోజులకు 611 ఫొటోలు వచ్చాయి. ఈ పనికి ఫోన్‌లో ఏం కావాలో, ఏం వద్దో ఈ రెండేళ్లలో బాగా అర్థమైంది.

ఇది కొత్త ఐడియా కాదు

యూట్యూబ్ పాత రోజుల నుంచి చూస్తున్నవాళ్లకు నోవా కలీనా పేరు గుర్తుండే ఉంటుంది. అమెరికా ఫొటోగ్రాఫర్. 2000 జనవరి 11 నుంచి రోజూ తన ముఖం ఫొటో తీసుకుంటూ, 2006 ఆగస్టులో వాటన్నిటినీ ఒక వీడియోగా పెట్టాడు. అప్పటికి యూట్యూబ్ వచ్చి ఏడాదిన్నరే. అది విపరీతంగా వైరల్ అయ్యింది. 2020లో ఇరవై ఏళ్ల వీడియో పెట్టాడు. మొదటి ఫొటోలో కుర్రాడు, చివరి ఫొటోలో నలభైకి దగ్గర పడ్డ మనిషి.

కలీనా కంటే ముందు, మన టాపిక్‌కి ఇంకా దగ్గరగా ఉన్న మనిషి కార్ల్ బేడెన్. బోస్టన్ కాలేజీలో ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పేవాడు. 1987 ఫిబ్రవరి 23న మొదలుపెట్టాడు, అప్పటికి వయసు 34. అంటే యవ్వనం దాటి నడివయసులోకి వెళ్లే దారి మొత్తం ఆయన కెమెరా చూసింది. ఒకే కెమెరా, ఒకే రకం లైటింగ్, ముఖంలో నవ్వూ ఉండదు కోపమూ ఉండదు. దశాబ్దాల్లో ఆయన మిస్ అయ్యింది ఒక్క రోజు, 1991 అక్టోబర్ 15. మిగతా ఏమీ మారకుండా ఉంటేనే మారేది ఏమిటో కనిపిస్తుందన్నది ఆయన పద్ధతిలో ఉన్న కిటుకు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక్క వేరియబుల్ తప్ప మిగతావన్నీ కాన్‌స్టెంట్.

ఇంకొకరు జేమీ లివింగ్‌స్టన్. 1979 మార్చి 31 నుంచి రోజుకో పోలరాయిడ్. ఎప్పుడూ తన ముఖమే కాదు. స్నేహితులు, భోజనం, వీధి, ఏదైనా సరే, రోజుకు ఒక్కటి మాత్రమే. 1997 అక్టోబర్ 25న తన 41వ పుట్టినరోజు నాడే చనిపోయాడు. చివరి ఫొటో కూడా ఆ రోజుదే.

వీళ్లంతా ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లు. ట్రైపాడ్, ఫిల్మ్, లైట్లు వాళ్ల చేతిలో ఉన్నాయి. ఇప్పుడు పది, పన్నెండు వేల రూపాయల ఫోన్‌తో పర్చూరు వైపు మిర్చి రైతు కూడా ఇదే పని చేయొచ్చు. కాకపోతే ఆ ఫోన్ మనకు తెలియకుండా చేసే కొన్ని పనులను ముందు ఆపాలి.

మన దగ్గర వేల మంది రోజూ దిగుతూనే ఉన్నారు

"ఈ వయసులో రోజూ సెల్ఫీ ఎవరు దిగుతార్రా" అని నాన్న మొదట్లో అన్నారు. అమ్మ పక్కనే ఉంది. "నేను దిగట్లా?" అంది.

నిజమే. మా అమ్మ ప్రభుత్వ టీచర్. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి టీచర్లు సిమ్స్ ఏపీ యాప్‌లో ముఖం చూపించి హాజరు వేయడం మొదలైంది. సొంత ఫోన్లలో ప్రభుత్వ యాప్ ఎందుకని ఉపాధ్యాయ సంఘాలు అప్పట్లో అభ్యంతరం చెప్పాయి. తర్వాత 2023లో మిగతా ప్రభుత్వ ఆఫీసుల్లోకీ ముఖం హాజరు వచ్చింది. ఉపాధి హామీ పనుల దగ్గరేమో 2023 జనవరి 1 నుంచి కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి అయ్యింది. అంటే మన జిల్లాల్లో నలభై, యాభై ఏళ్ల వాళ్లు పొద్దున్నే ఫోన్ ముందు నిలబడటం ఇప్పుడు మామూలు విషయమే.

తేడా ఒక్కటే. ఆ ఫొటో వాళ్ల గ్యాలరీలో ఉండదు. ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు అది మనిషి అవునా కాదా అని తేల్చే కొన్ని నంబర్లు మాత్రమే. అమ్మ ఇన్నేళ్లలో వందల సార్లు ఫోన్ ముందు నిలబడింది. అందులో ఒక్క ఫొటో చూపించమంటే మా దగ్గర లేదు. అలవాటు మాత్రం వచ్చేసింది. ఆ అలవాటుకు ఇంకో పది సెకన్లు కలిపి, తనకోసం ఒకటి తీసుకుంటే చాలు.

ముందు ఆపాల్సినవి

ఫోన్ కెమెరా ఉన్నది ఉన్నట్టు తీస్తుందని చాలామంది అనుకుంటారు. సెన్సార్ మీద పడిన వెలుతురు మన కంటికి చేరేలోపు ఫోన్ దాన్ని చాలాసార్లు మారుస్తుంది. యాభై ఏళ్ల ముఖానికి ఆ మార్పులు అసలుకే ఎసరు పెడతాయి.

2024లో నాన్న ఫోన్ మార్చాం. కొత్త ఫోన్‌లో మొదటి తొమ్మిది ఫొటోలు పక్కన పెట్టి చూస్తే మనిషి ఐదేళ్లు చిన్నవాడైపోయాడు. కళ్ల కింద గీతలు లేవు, మెడ దగ్గర ఎండకు కమిలిన నలుపు లేదు. బ్యూటీ మోడ్ ఫ్యాక్టరీ నుంచే ఆన్ అయ్యి వచ్చింది. ఆ తొమ్మిది రోజుల ముఖం మా నాన్నది కాదు, ఆ ఫోన్ చేసిన అల్గారిథమ్‌ది. రీటచ్ చేశామని ఫైల్‌లో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి దాన్ని వెనక్కి తిప్పడం కుదరదు. గూగుల్ 2020 అక్టోబర్‌లో పిక్సెల్ 4ఏ నుంచి తన ఫోన్లలో ఫేస్ రీటచింగ్ డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుందని ప్రకటించింది. అన్ని ఫోన్లలో అలా ఉండదు. అందుకే ఒక్కోటి చూసి ఆపండి:

- బ్యూటీ, స్కిన్ స్మూత్, ఫేస్ స్లిమ్: అన్నీ సున్నాకు. కొన్ని ఫోన్లలో ఫొటో మోడ్‌కి ఒకటి, పోర్ట్రెయిట్ మోడ్‌కి ఇంకొకటి విడిగా ఉంటాయి. రెండూ చూడండి.
- పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. వెనక ఉన్నదంతా మసక చేస్తుంది. మనకు వెనక ఉన్నది కూడా కావాలి. ఎందుకో కింద చెప్తాను.
- నైట్ మోడ్, ఏఐ సీన్, ఫిల్టర్లు ఆఫ్.
- హెచ్‌డీఆర్‌ను పూర్తిగా ఆపే ఆప్షన్ ఉంటే ఆపండి. కొన్ని ఫోన్లలో ఉండదు. అప్పుడు అన్ని రోజులూ ఒకేలా ఉండనివ్వండి. 2018లో ఐఫోన్ టెన్ ఎస్ సెల్ఫీల్లో చర్మం నున్నగా వస్తోందని పెద్ద గొడవ జరిగింది. స్మార్ట్ హెచ్‌డీఆర్ తప్పు ఫ్రేమ్‌ను ఎంచుకోవడమే దానికి కారణం, ఐఓఎస్ 12.1తో సరిచేశారు. అంటే బ్యూటీ మోడ్ లేకపోయినా ప్రాసెసింగ్ వల్ల గీతలు మాయం కావచ్చు.
- మిర్రర్ సెట్టింగ్: సెల్ఫీ అద్దంలోలా సేవ్ కావాలా, ఎదుటివాళ్లు చూసేలా సేవ్ కావాలా అన్నది. ఏదో ఒకటి పెట్టి ఇక ముట్టుకోకండి. మధ్యలో మారితే పాపిడి ఒక రోజు ఎడమ, ఒక రోజు కుడి అవుతుంది.

ఫోన్ మార్చినప్పుడు ఇంకో మాట. పాత ఫోన్‌తోనూ కొత్త ఫోన్‌తోనూ ఒక వారం పాటు రెండు ఫొటోలూ తీయండి. రంగులో, లెన్స్‌లో తేడా ఎంతో ఆ ఏడు జతల్లో తెలిసిపోతుంది. తర్వాత వీడియో చేసేటప్పుడు సరిచేయడానికి పనికొస్తుంది.

దూరం: చెయ్యి చాపి తీస్తే ముక్కు పెద్దది

2018లో బోరిస్ పాస్కోవర్ అనే ప్లాస్టిక్ సర్జన్, కొందరు పరిశోధకులు కలిసి ఒక లెక్క కట్టారు. ముఖానికి 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో, 5 అడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే మగవాళ్ల ముక్కు వెడల్పు సుమారు 30 శాతం, ఆడవాళ్లది 29 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. దగ్గర్లో ఉన్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపించడం అన్నమాట. అంతకుమించి మాయ లేదు.

రోజూ చెయ్యి చాపి తీస్తే ఒకరోజు ఒక అడుగు, ఒకరోజు అడుగున్నర. ముఖం ఆకారమే మారుతున్నట్టు ఉంటుంది. అందుకే ఫోన్‌ను చేతిలో పట్టుకోవద్దు. మా ఇంటి వసారాలో స్తంభానికి ఒక చిన్న చెక్క పలక కొట్టి, దాని మీద వంద రూపాయల ఫోన్ స్టాండ్ పెట్టాం. నేల మీద మూడడుగుల దూరంలో పెయింట్‌తో ఒక గీత. నాన్న ఆ గీత మీద నిలబడతారు, మూడు సెకన్ల టైమర్ నొక్కుతారు.

మూడడుగుల దూరంలో ముఖం చిన్నది అయిపోదా అంటే, సరిపోతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో నిలువుగా తీస్తే వెడల్పు సుమారు 3000 పిక్సెల్స్. మా ఫొటోల్లో రెండు కంటిపాపల మధ్య దాదాపు 200 పిక్సెల్స్ వస్తున్నాయి. ఫుల్ హెచ్‌డీ వీడియోకి అది చాలు. 50 మెగాపిక్సెల్ సెల్ఫీ కెమెరా అవసరం లేదు.

వెలుతురు: మన సూర్యుడి లెక్క

"పొద్దున్నే ఆరింటికి" అని టైమ్ పెట్టుకోవద్దు. గుంటూరు వైపు జూన్ మొదట్లో సూర్యోదయం 5.40 కంటే ముందే. జనవరిలో 6.40 దాటుతుంది. గంటకు పైగా తేడా. జూన్‌లో ఆరింటికి వెలుగు, జనవరిలో ఆరింటికి చీకటి. చీకటైతే ఫోన్ ఐఎస్ఓ పెంచుతుంది, నాయిస్ వస్తుంది, ఆ నాయిస్ తీసేయడానికి చర్మాన్ని నున్నగా చేస్తుంది. మేం 7.30 పెట్టుకున్నాం.

ఉత్తరం వైపు తెరిచి ఉన్న వసారా అయితే మంచిది. ఎండ నేరుగా పడదు. కానీ మనం 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. వేసవిలో సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. మే, జూన్‌లో పొద్దున్నే ఉత్తరపు వసారాలోకీ ఏటవాలు ఎండ వస్తుంది. అందుకే గీతను వసారా అంచున కాకుండా రెండడుగులు లోపలికి వేయండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి. పగటి వెలుతురు, లైటు కలిస్తే ఆటో వైట్ బ్యాలెన్స్ తికమక పడి ఒకరోజు పసుపు, ఒకరోజు నీలం చేస్తుంది.

స్క్రీన్ మీద ముఖాన్ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ అవుతాయి. ఇంకొకటి, లెన్స్ తుడవడం. మిర్చి కల్లంలో తిరిగే ఫోన్ మీద దుమ్ము, వేలి జిడ్డు ఉండనే ఉంటాయి. నీరెండలో జిడ్డు లెన్స్‌తో తీస్తే ముఖమంతా పాలు పోసినట్టు వస్తుంది. మెత్తటి నూలు గుడ్డ చాలు. కాయలు కోసిన చేత్తో మాత్రం ఫోన్, తర్వాత కళ్లు ముట్టుకోవద్దని రైతు ఇంట్లో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చత్వారం ఉన్న కళ్లకు ఫోన్ సెటప్

చత్వారం అనే మాటలోనే నలభై ఉంది. నలభై దాటాక దగ్గరవి మసకగా కనిపించడం అందరికీ వచ్చేదే. మనం ఇరవైల్లో ఉండి, సన్నటి ఐకాన్లు నాలుగు నొక్కి చేసే పని వాళ్లతో చేయించాలనుకుంటే మూడో రోజు మానేస్తారు. మేం చేసినవి:

- పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునేలా పెట్టాం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది.
- కెమెరా సెట్టింగ్స్‌లో చివరిగా వాడిన మోడ్‌నే గుర్తుంచుకునే ఆప్షన్ ఆన్. దాంతో సెల్ఫీ, టైమర్ రోజూ పెట్టక్కర్లేదు.
- వాల్యూమ్ బటన్ షట్టర్‌గా. స్క్రీన్ మీద గుండ్రం వెతకాల్సిన పని లేదు.
- గ్రిడ్ లైన్లు ఆన్. పై అడ్డగీత మీద కళ్లు ఉండాలి, అంతే రూల్.
- అలారం 7.30కి, పేరు "ఫొటో".

కళ్లజోడు సంగతి ముందే తేల్చుకోండి, రోజూ ఉండాలా తీయాలా అని. నాన్న తీసేసి దిగుతారు. అద్దాల మీద ఆకాశం మెరిస్తే కళ్లు కనపడవు.

వెనక ఉన్నది, కింద ఒక లైను

పోర్ట్రెయిట్ మోడ్ వద్దన్నది దీనికే. నాన్న వెనక వసారా, ఆ వెనక పెరడు కనిపిస్తాయి. జులైలో మిర్చి నారు కోసం తెచ్చిన షేడ్ నెట్ చుట్ట. అక్టోబర్ నుంచి మూలన పెరుగుతున్న పత్తి కుప్ప. జనవరి, ఫిబ్రవరిలో తాళ్లు, గోనె సంచులు, తెల్లటి తలగుడ్డకు అంటిన ఎర్రటి పొడి. మే నెలలో గుంటూరు యార్డుకు సెలవులు, పెరడు ఖాళీ. వీడియోలో ముఖం కంటే ముందు ఈ వెనక భాగమే కదులుతుంది. మన ప్రాంతంలో ఏడాదంటే జనవరి నుంచి డిసెంబర్ కాదని, నారు నుంచి యార్డు దాకా అని అది చూస్తే అర్థమవుతుంది.

ఫొటో కింద రోజుకు ఒక్క లైను రాయడం కూడా పెట్టుకున్నాం. గూగుల్ ఫొటోస్‌లో ఫొటోను పైకి జరిపితే డిస్క్రిప్షన్ బాక్స్ ఉంటుంది. మైక్ నొక్కి తెలుగులో చెప్తే టైప్ అవుతుంది. నాన్న నోట్స్ ఇలా ఉంటాయి: "రెండో మందు కొట్టినం." "మొదటి కోత." "యార్డులో రేటు అడిగితే చెప్పబుద్ధి కాలా."

2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం నేను హైదరాబాద్‌లో ఉన్నా. ఫోన్ చేస్తే నాన్న "ఏం కాలేదులే, నీళ్లు నిలబడ్డయ్, పోతాయి" అన్నారు. కరెంటు లేదని రెండు రోజుల ఫొటోలు లేవు. 7వ తేదీ ఫొటో సింక్ అయ్యి నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. గడ్డం మాసింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. గీత మీద సరిగ్గా నిలబడ్డారు, గ్రిడ్‌లో కళ్లు సరిగ్గా ఉన్నాయి. కింద లైనేమీ లేదు. నేను ఆ రాత్రే బస్సెక్కాను. ఫోన్‌లో గొంతు మార్చి మాట్లాడగలరు. రోజూ ఒకేలా దిగే ముఖం పక్కన ఆ రోజు ముఖం పెడితే దాచడం కష్టం.

ఫొటో డాక్టర్ కాదు, మనసు చదివే యంత్రమూ కాదు. దాన్ని చూసి ఎవరికీ జబ్బులు తేల్చకండి. కాకపోతే దూరంగా ఉద్యోగం చేసే పిల్లలకు "బాగానే ఉన్నాం" అనే మాట ఒక్కటే ఆధారంగా ఉన్నప్పుడు, ఇంకో ఆధారం దొరుకుతుంది.

ఎక్కడ దాచాలి

లెక్క చిన్నదే. ఒక్కో ఫొటో సుమారు మూడున్నర ఎంబీ అనుకుంటే ఏడాదికి దాదాపు 1.3 జీబీ, పదేళ్లకు 13 జీబీ. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. సమస్య సైజు కాదు, పదేళ్లు నిలవడం.

- గూగుల్ ఫొటోస్‌లో అన్‌లిమిటెడ్ ఉచిత స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీ. రెండేళ్లు వాడని గూగుల్ అకౌంట్‌ను తొలగించే పాలసీ కూడా ఉంది. పెద్దవాళ్ల అకౌంట్‌లో రికవరీ నంబర్ ఏదో ఇప్పుడే చూసి పెట్టండి.
- వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకుని దాచొద్దు. సైజు తగ్గిస్తుంది, ఎప్పుడు తీశారన్న సమాచారాన్నీ తీసేస్తుంది. తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి.
- ఫైల్ పేరులోనే తేదీ ఉండాలి: 2023-06-12 లాగా. ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. ఏ కంప్యూటర్‌లో పెట్టినా వరసలో ఉంటాయి.
- ఐఫోన్ అయితే ఫార్మాట్ సెట్టింగ్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి, జేపెగ్‌గా సేవ్ అవుతుంది.
- రోజువారీ సెల్ఫీల కోసం యాప్‌లు ఉన్నాయి. పాత ఫొటోను లేతగా చూపించి దాని మీద ముఖం కలపమంటాయి, బాగుంటాయి. కానీ ఫొటోలను మామూలు ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయనివ్వని యాప్ ఏదైనా వద్దు. యాప్ మూతపడితే మీ ఏళ్లూ దాంతో పోతాయి.
- పాత 3-2-1 రూల్: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. మాకు ఫోన్, క్లౌడ్, నా దగ్గర హార్డ్ డిస్క్.
- నెలకొక్కటి ప్రింట్ తీయించండి. ఏడాదికి పన్నెండు. కరెంటు, పాస్‌వర్డ్ అక్కర్లేని బ్యాకప్ అదొక్కటే.

వీడియో చేయడం: రెండు కళ్లు చాలు

గీత మీద నిలబడ్డా తల కొంచెం అటూ ఇటూ అవుతుంది. అలాగే వరసగా ఆడిస్తే ముఖం గంతులేస్తుంది. దాన్ని సరిచేయడానికి కొంచెం కోడింగ్ వస్తే చాలు. పైథాన్, ఓపెన్‌సీవీ, ముఖం గుర్తులు పట్టడానికి మీడియాపైప్. మీడియాపైప్ ఫేస్ మెష్ ఒక ముఖం మీద 468 బిందువులు ఇస్తుంది. మనకు ముఖ్యంగా కావాల్సింది రెండు కళ్ల మధ్యబిందువులు.

కళ్లే ఎందుకంటే, నడివయసులో ముఖంలో బుగ్గలు జారతాయి, జుట్టు వెనక్కి పోతుంది, మెడ లావవుతుంది. పెద్దయ్యాక రెండు కంటిపాపల మధ్య దూరం మాత్రం పెద్దగా మారదు, సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మారనిదాన్ని పట్టుకుంటేనే మారినది కనిపిస్తుంది. బేడెన్ ట్రైపాడ్‌తో చేసిన పని మనం కోడ్‌తో చేస్తున్నాం.

స్టెప్స్ ఇవి. రెండు కళ్లను కలిపే గీత అడ్డంగా వచ్చేదాకా ఫొటోను తిప్పాలి. కళ్ల మధ్య దూరం అన్ని ఫొటోల్లో ఒకే పిక్సెల్స్ అయ్యేలా సైజు మార్చాలి. కళ్ల మధ్యబిందువు ఒకే చోట పడేలా జరపాలి. చివర్లో ఒకే కొలతకు కత్తిరించాలి. తిప్పడం, సైజు మార్చడం, జరపడం మూడూ కలిపి ఒకే మాట్రిక్స్‌లో రాయొచ్చు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది మ్యాథ్స్‌లో "ఇది ఎక్కడ పనికొస్తుంది" అనుకున్నది ఇక్కడ పనికొచ్చింది. తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో సెకనుకు పది ఫొటోల చొప్పున కలిపితే వీడియో రెడీ. మా 611 ఫొటోలు 61 సెకన్లు అయ్యాయి.

మిర్చి కోతల్లో ఘాటుకు తువ్వాలు ముక్కు దాకా చుట్టుకుని దిగిన ఫొటోలు ఉన్నాయి. వాటిలో సాఫ్ట్‌వేర్ తడబడుతుంది, కళ్లను మౌస్‌తో చేత్తో గుర్తు పెట్టాలి. వాటిని తీసేయకండి. ఆ నెలల్లో ఆయన ముఖం అదే.

ఇంకో పద్ధతి ఉంది, నాకు వీడియో కంటే ఇదే నచ్చింది. ఒక నెల ఫొటోలన్నీ సరిచేశాక ఒక్కో పిక్సెల్‌కి మధ్యస్థ విలువ తీసుకుని ఒకే ఫొటోగా చేయండి. ఒక రోజు ఎండ, ఒక రోజు మబ్బు అన్నీ సర్దుకుపోయి నెల ముఖం మిగులుతుంది. 2023 జూన్‌నూ 2025 మేనూ పక్కపక్కన పెడితే కనిపించినవి: కణతల దగ్గర తెలుపు, నుదుటి మీద ఒక గీత ఎక్కువ. రోజూ చూసే అమ్మకు కూడా ఇది తెలియలేదు.

ఏఐ ఎన్‌హాన్స్ టూల్స్‌తో ఈ ఫొటోలను షార్ప్ చేయకండి. అవి లేని వివరాన్ని ఊహించి పెడతాయి. తాతయ్యకు కోటు తొడిగించిన స్టూడియో పనే అది, కాకపోతే వేగంగా.

ఎవరి ఫొటోలు ఇవి

ముఖం పాస్‌వర్డ్ లాంటిది, మార్చుకోలేని పాస్‌వర్డ్. ఒకే ముఖం వందల ఫొటోలు ఒకేచోట ఉంటే నకిలీ వీడియోలు చేసేవాళ్లకు అంతకంటే కావాల్సింది లేదు. కాబట్టి సోషల్ మీడియాలో పెట్టాలనుకుంటే చిన్న సైజు వీడియో మాత్రమే, అదీ వాళ్లు సరేనంటేనే. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆపండి. షేర్డ్ ఆల్బమ్ లింకు పబ్లిక్‌లో ఉందేమో చూడండి.

మా ఇంట్లో రూల్స్ మూడు. ఏ రోజు ఫొటో అయినా తీసేసే హక్కు నాన్నదే. దిగని రోజు ఎందుకు దిగలేదని ఎవరూ అడగకూడదు. ఆయనకు చూపించకుండా బయటివాళ్లకు చూపించకూడదు. ఈ వ్యాసం కూడా చదివి వినిపించాకే పంపుతున్నా. తుపాను పేరా దగ్గర ఆగి, "ఉంచు" అన్నారు. 120 రోజులు మిస్ అయినా రెండేళ్లు నడవడానికి కారణం ఆ రెండో రూలే. రోజూ తప్పకుండా అన్న పట్టుదల బేడెన్‌కు సరిపోయింది. పొలం, పెళ్లిళ్లు, చావులు, కరెంటు కోతల మధ్య ఉండే మనిషికి వారంలో ఐదు రోజులు చాలా ఎక్కువ.

ముఖం ఫొటో ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. సీజర్ కురియామా 2011లో, తనకు 30 నిండాక, రోజుకు ఒక్క సెకను వీడియో దాచడం మొదలుపెట్టాడు. 2013లో 1 సెకండ్ ఎవ్రీడే యాప్ వచ్చింది. ఏడాదికి ఆరు నిమిషాలు. అమ్మ ఇప్పుడు అదే చేస్తోంది, హాజరు సెల్ఫీతోనే తన ముఖం మొహం మొత్తిందట. బడి గంట, పొయ్యి మీద పాలు, మా బర్రె చెవులు ఆడించడం, అన్నీ ఒక్కో సెకను.

దీనికోసం కొత్త ఫోన్ కొనాలా?

వద్దు. ఉన్న ఫోన్‌లో సెల్ఫీ కెమెరా 8 మెగాపిక్సెల్ ఉన్నా సరిపోతుంది. కొనాల్సింది ఒక స్టాండ్, గీతకు కాస్త పెయింట్. కొత్తది ఎలాగూ కొంటున్నట్టయితే మెగాపిక్సెల్ కాకుండా మూడు విషయాలు చూడండి: బ్యూటీ పూర్తిగా ఆఫ్ అవుతుందా, చివరి సెట్టింగ్ గుర్తుంచుకుంటుందా, పవర్ బటన్‌తో కెమెరా తెరుచుకుంటుందా. షోరూమ్‌లోనే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. బ్యూటీ సున్నాకు పెట్టి మీ అమ్మ చేతనో నాన్న చేతనో ఒక ఫొటో దిగమనండి, జూమ్ చేసి కళ్ల కింద గీతలు చూడండి. గీతలు ఉంటే ఆ ఫోన్ తీసుకోవచ్చు.